22 సెంట్ల గడి

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2012 నుంచి ఏటా స్పేస్ యాప్స్ ఛాలెంజ్ అనే పోటీని జరుపుతోంది. ప్రపంచమంతటా ఒకే వారాంతంలో, ఎక్కడి జట్లు అక్కడే కూర్చొని, అంతరిక్ష సంస్థలు అందరికీ ఉచితంగా ఇస్తున్న సమాచారం ఆధారంగా రెండు రోజుల్లో ఒక సమస్యకు పరిష్కారం చూపాలి. ఇటువంటి పోటీని హ్యాకథాన్ అంటున్నారు. ఆ పేరు వినగానే ఇది కంప్యూటర్ చదివినవాళ్ల వ్యవహారమని చాలామంది పక్కకు తప్పుకుంటారు. అనంతపురంలో డిగ్రీ చదువుతున్న ఐదుగురు విద్యార్థులకు సలహాదారుగా కూర్చున్న నేను కూడా మొదట అలాగే అనుకున్నాను.

వానలు మొహం చాటేసినప్పుడు ఏ ఊరి వేరుశనగ ముందుగా వాడిపోతుందో కనిపెట్టాలన్నది మా జట్టు ఎంచుకున్న ప్రశ్న. అందుకు లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు తీసుకున్నారు. 1972 నుంచి భూమిని చిత్రిస్తున్న ఈ ఉపగ్రహాల చిత్రాలకు ఒకప్పుడు వందల డాలర్లు కట్టవలసి వచ్చేది. 2008 నుంచి అవి ఉచితం. ఆ చిత్రాలు చిన్న చిన్న చదరపు గడులతో (పిక్సెళ్లతో) ఏర్పడతాయి; ఒక్కొక్క గడి నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అంటే మన లెక్కలో దాదాపు 22 సెంట్లు. ఎకరా చేను నాలుగున్నర గడులకు సరిపోతుంది. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది కనుక, ఈ రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి ఆ గడిలో పచ్చదనం ఎంత ఉందో తెలుస్తుంది.

మొదటి రోజు రాత్రి, అంతకుముందు మే నెల నాటి చిత్రంలో ఒక చెరువు పక్కన నిండు పచ్చని మచ్చ కనిపించింది. బోరు కింద వేసిన వేరుశనగ అయి ఉంటుందని ఒక అమ్మాయి నమోదు చేసుకుంటుండగా, కూతురికి అన్నం క్యారియర్ తెచ్చిన వాళ్ల నాన్న తెర మీదికి వంగి చూశారు. "ఎండాకాలంలో ఆడ సెనక్కాయ ఎక్కడిదమ్మా? అది చెరువులో మొలిచిన కంప" అన్నారు. ఆయన సొంత ఊరి చెరువు అది.

ఆ ఒక్క మాటతో లెక్క మొత్తం మారిపోయింది. ఉపగ్రహం పచ్చదనాన్నే చెబుతుంది, అది ఏ చెట్టుదో చెప్పదు. వానాధారపు వేరుశనగ గడి జూలై తర్వాత పచ్చబడి, కాయ పెరికాక మళ్లీ ఎర్రనేలగా మిగులుతుంది. కంపచెట్లు, చీనీ తోటలు మే నెలలోనూ పచ్చగానే ఉంటాయి. కాబట్టి మే నెలలో పచ్చగా ఉన్న గడులన్నింటినీ పిల్లలు తీసేశారు. తెల్లవారుజామున రెండు గంటలకు మిగిలిన పటం నిజమైన చేలకు చాలా దగ్గరగా వచ్చింది. వాన లెక్కల్లో మాత్రం చిక్కు వీడలేదు. ఉపగ్రహాలు ఇచ్చే వర్షపాతపు గడి సుమారు 10 కిలోమీటర్లు ఉంటుంది. ఊరికి ఒక పక్క కురిసి, మరో పక్క చుక్క రాలని మన వాన అందులో ఎలా పడుతుంది?

జట్టులో ఆరుగురి వరకు ఉండవచ్చు. ప్రోగ్రామింగ్ రావాలన్న నిబంధన ఏదీ లేదు. పాల్గొనాలనుకునే విద్యార్థులు, ఒక స్థానాన్ని సేద్యం తెలిసిన ఇంటి పిల్లలకు తప్పకుండా ఇవ్వాలని నా మనవి.

మా జట్టుకు బహుమతి రాలేదు. ఆ తర్వాతి ఆదివారం వాళ్లు ఆ చెరువుకు వెళ్లి, ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు చూసుకుంటూ, ఒక గడికి నాలుగు మూలలా రాళ్లు పెట్టి, లోపలి కంపచెట్లను లెక్కపెట్టారు. రెండో గడికి చేరేసరికి ఎండ ముదిరింది; మిగిలినవాటిని మరుసటి ఆదివారానికి ఉంచుకున్నారు.