రంగు చూసి పేరు పెట్టకండి

అందరికీ నమస్కారం. రీఫ్ ట్యాంకుల్లో, అంటే పగడాలుండే ఉప్పునీటి అక్వేరియంలలో, పెంచే జెయింట్ క్లామ్‌లలో (పెద్ద ఆల్చిప్పల్లో) ఏది ఏ జాతో ఎలా గుర్తుపట్టాలన్నది ఈ రోజు విషయం. ముందే చెప్పేస్తున్నా, క్లామ్ చిప్ప తెరిచి మాంటిల్‌ని, అంటే లోపలి మెత్తటి కండ పొరని, బయటికి పరిచినప్పుడు అందరి కళ్లూ వెళ్లేది ఆ నీలం మీదికి, ఆ ఆకుపచ్చ మెరుపు మీదికి. పేరు తేల్చడానికి అదే అన్నిటికంటే తక్కువ పనికొస్తుంది.

ఎందుకంటే ఒకే హేచరీలో ఒకే బ్యాచ్‌లో పుట్టిన మాక్సిమా అనే జాతి పిల్లల్లోనే ఒకటి ముదురు నీలంగా ఉంటుంది, దాని పక్కది బంగారు గోధుమ రంగులో ఉంటుంది. మాంటిల్‌లో ఇరిడోసైట్లనే కణాలు వెలుగుని విరిచి వెనక్కి పంపడం వల్ల ఆ మెరుపు వస్తుంది, గోధుమ రంగులో చాలా భాగం లోపల కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ ఆల్గేది. అందుకే అదే క్లామ్‌ని పైనుంచి చూస్తే ఒక రంగు, పక్క గాజులోంచి చూస్తే ఇంకో రంగు, ఇక నీలం ఎల్‌ఈడీ కింద ఫోటో తీస్తే ఎవరూ పోల్చుకోలేరు. ఫోటో పెట్టి "ఇదేంటో చెప్పండి" అని అడిగేవాళ్లు పైనుంచి తీసిన ఫోటో ఒక్కటే పెడతారు, అదే తలనొప్పి. చిప్ప పక్కవైపు ఒకటి, అడుగువైపు ఒకటి తీయండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అడుగున ఏముందంటారా? కీలు పక్కనే ఒక సందు ఉంటుంది, బిస్సల్ ఓపెనింగ్ అంటాం. క్లామ్ ఆ సందులోంచే బిస్సస్ దారాలు బయటికి వదిలి రాయిని పట్టుకుంటుంది. ఎక్కువ గందరగోళం క్రోసియా అనే జాతికీ మాక్సిమాకీ మధ్యే కాబట్టి ఆ రెండిటినీ పక్కపక్కన బోర్లించినట్టు ఊహించుకోండి. క్రోసియాకి ఆ సందు బాగా పెద్దది, అడుగుభాగంలో చాలా మేర అదే కనిపిస్తుంది. అది రాయిని తొలుచుకుంటూ లోపలికి దిగి, చిప్ప అంచు రాయితో సమానమయ్యేదాకా కూరుకుపోయి బతికే జాతి. ఆ రాపిడికి చిప్ప మీద పొలుసులు, అంటే స్క్యూట్లు, అరిగిపోయి పై అంచు దగ్గర మాత్రమే మిగులుతాయి. మాక్సిమాకి సందు ఉంటుంది గానీ అంత పెద్దది కాదు, స్క్యూట్లు దగ్గరదగ్గరగా వరసలు కట్టి ఉంటాయి, పైగా కీలు నుంచి చూస్తే చిప్ప ఒక వైపుకి సాగి పొడుగ్గా కనిపిస్తుంది. సైజు కూడా కొంత సాయం చేస్తుంది: క్రోసియా 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, మాక్సిమా 30 దాటగలదు. కానీ చిన్నప్పుడు రెండూ చిన్నవే కదా, సైజు చూసి క్రోసియా అనేయడం కుదరదు.

స్క్వామోసా జాతిని గుర్తుపట్టడం తేలిక. స్క్యూట్లు పెద్దవి, వెడల్పువి, ఒకదానికొకటి ఎడంగా గొడుగుల్లా బయటికి నిలబడతాయి, చిప్ప కీలుకి అటూ ఇటూ దాదాపు సమానంగా ఉంటుంది, అడుగు సందు చిన్నది. నీళ్లు లోపలికి పీల్చుకునే సైఫన్ చుట్టూ కొమ్మలు వేసినట్టుండే టెంటకిల్స్, అంటే మీసాల్లాంటి పోగులు, ఉన్నాయేమో కూడా చూడండి, అవి స్క్వామోసాకి బాగా కనిపిస్తాయి. స్క్యూట్లు చూడగానే స్క్వామోసా అనేయకండి, మాక్సిమాకీ ఉంటాయి. వాటి మధ్య ఎడం ఎంతన్నదే అసలు ప్రశ్న.

డెరాసా, గిగాస్ జాతుల దగ్గర పొరబడితే ఖరీదైన వ్యవహారం. రెండిటి చిప్పా స్క్యూట్లు లేనట్టే నునుపుగా ఉంటుంది, పెద్దయ్యాక రెండిటికీ అడుగు సందు దాదాపు మూసుకుపోతుంది. కానీ డెరాసా 60 సెంటీమీటర్ల దాకా పోతే, గిగాస్ మీటరు దాటి 200 కిలోలకు పైగా బరువెక్కుతుంది, అంత పెద్దదయ్యాక చిప్ప పూర్తిగా మూసుకోలేదు కూడా. ఇంట్లో ట్యాంకు ఎంత పెద్దదైనా దానికి చాలదు. గిగాస్ చిప్ప మడతలు లోతుగా ఉండి పై అంచు త్రికోణాలుగా పైకి పొడుచుకొస్తుంది, పీల్చే సైఫన్‌కి టెంటకిల్స్ ఉండవు. డెరాసా మడతలు పైపైనే ఉంటాయి, సైఫన్ అంచున చిన్న చిన్న టెంటకిల్స్ ఉంటాయి. అవి సన్నవి, టార్చి వేసి చూడాల్సిందే.

హిప్పోపస్ గురించి ఒక్క మాట చాలు: దాని మాంటిల్ చిప్ప అంచు దాటి బయటికి రాదు. ఇప్పటిదాకా చెప్పిన ట్రైడాక్నా జాతులతో దాన్ని కలిపేయడం కష్టం.

ఇక నోయే అనే జాతి. దీనికి ఆ పేరు పెట్టింది 1798లో, కానీ చాలాకాలం మాక్సిమా కిందే కలిపేశారు, 2014లో మళ్లీ విడి జాతిగా గుర్తించారు. అంటే అంతకుముందు మాక్సిమా అని అమ్మిన వాటిలో కొన్ని నోయే అయ్యుండొచ్చు. మాంటిల్ పనికిరాదన్నాను కదా, ఇక్కడ మాత్రం కాస్త వెనక్కి తగ్గాలి, అయినా చూడాల్సింది రంగుని కాదు, మచ్చల ఆకారాన్ని. మాంటిల్ అంచున తెల్లటి గీత చుట్టిన కన్నీటిచుక్క ఆకారపు మచ్చలుంటే నోయేని అనుమానించండి. మాక్సిమాకి అంచు పొడవునా కళ్లలాంటి నల్లటి చుక్కలు వరసగా ఒత్తుగా ఉంటాయి, నోయేకి అవి పలచన.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, వెలుతురూ చోటూ జాతిని బట్టి మారతాయి కాబట్టి. క్రోసియా, మాక్సిమాలకి గట్టి వెలుతురు కావాలి, పట్టుకోవడానికి రాయి కావాలి. డెరాసాని ఇసుక మీద పెట్టినా హాయిగా ఉంటుంది, వెలుతురు కాస్త తక్కువైనా సర్దుకుంటుంది. అడుగు చూడాలన్నాను కదా అని రాయికి అతుక్కున్న క్లామ్‌ని మాత్రం పీకకండి, దారాలతో పాటు లోపలి కండ చిరిగిందంటే అది బతకడం కష్టం. ట్యాంకులో వేయకముందే, అతుక్కోని సమయంలో చూసుకోవాలి. మరీ చిన్న పిల్లల విషయంలో నిపుణులే తడబడతారు, అలాంటప్పుడు లేబుల్ మీద "మాక్సిమా లేదా స్క్వామోసా" అని రాసుకుని స్క్యూట్లు ఎదిగేదాకా ఆగడమే నయం.

ప్రశ్నలుంటే అడగండి. ఫోటోలు తెచ్చినవాళ్లు అడుగువైపుది ముందు చూపించండి.