ఆకు కషాయం, వెండి రేణువులు, క్యాన్సర్ కణం

(తెర మీద: గాజు బీకరు. లేత పసుపు ద్రవం మెల్లగా ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది.)

రంగు మారింది, చూశారా? సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఆకుల కషాయం పోశారు, అంతే. కషాయంలోని పాలీఫినాల్స్ లాంటి పదార్థాలు వెండి అయాన్లకు, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండి పరమాణువులకు, ఎలక్ట్రాన్లు ఇస్తాయి. ఆ అయాన్లు వెండిగా మారి, గుంపులు కట్టి, నానో రేణువులవుతాయి. వెండి తెల్లగా మెరవాలి కదా, ఈ రంగేంటి? ఇంత చిన్న రేణువులో ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ఊగుతూ నీలి, ఊదా కాంతిని మింగేస్తాయి. మిగిలిందే మన కంటికి చేరుతుంది.

"ఫలానా మొక్కతో క్యాన్సర్‌కు చెక్" అనే వార్తలు చాలావరకు ఈ బీకరు దగ్గరే మొదలవుతాయి. రేణువుల్ని క్యాన్సర్ కణాలున్న ప్లేటులో వేస్తారు, కణాలు చస్తాయి. నిజంగానే చస్తాయి. కానీ చంపింది ఆకా, వెండా? వెండి అయాన్లు ఆరోగ్యంగా ఉన్న కణాలనూ వదలవు. అందుకే పక్కన మామూలు కణాలు పెట్టి చూశారా, ఉత్త కషాయంతో పోల్చారా, ఆకు లేకుండా చేసిన వెండి రేణువులతో పోల్చారా అని ముందు వెతుకుతాను. చాలాసార్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉండదు.

(తెర మీద: యూ చెట్టు బెరడు.)

మొక్కనూ నానో రేణువులనూ కలిపే రెండో దారి ఒకటుంది, అందులో మొక్క చేసే పని వేరు. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి పాక్లిటాక్సెల్ అనే ఒకే ఒక్క పదార్థాన్ని విడదీశారు. మన్సుఖ్ వానీ, మన్రో వాల్ బృందం దాని నిర్మాణాన్ని 1971లో ప్రచురించింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను సన్నటి గొట్టాలు అటూ ఇటూ లాగుతాయి. ఈ మందు ఆ గొట్టాలను బిగుసుకుపోయేలా చేస్తుంది, చీలడం అక్కడితో ఆగిపోతుంది. 1992లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది.

చిక్కల్లా అది నీళ్లలో కరగకపోవడమే. ఆముదం నుంచి తయారైన ద్రావకంలో, ఆల్కహాల్‌తో కలిపి ఎక్కించేవారు. ఆ ద్రావకమే కొందరికి తీవ్రమైన అలర్జీ తెచ్చిపెట్టేది! నానో అక్కరకొచ్చింది ఇక్కడే. రక్తంలో ఎలాగూ ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌తో కలిపి, సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేశారు. వెంట్రుక మందం దీనికి కొన్ని వందల రెట్లు. 2005లో రొమ్ము క్యాన్సర్‌కు ఈ రూపానికీ అనుమతి దక్కింది.

మరి నానో రేణువులు నేరుగా క్యాన్సర్ గడ్డలోకే వెళ్తాయా? యానిమేషన్లలో బాణాల్లా దూసుకెళ్తాయి లెండి. అప్పటికి పదేళ్లుగా వచ్చిన ప్రయోగాలను 2016లో ఒక సమీక్ష లెక్కగట్టింది. జంతువులకు ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతాదాంట్లో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. రక్తంలోకి వచ్చిన పరాయి రేణువులను ఏరేయడం వాటి పనే మరి.

(తెర మీద: మళ్లీ బీకర్లు, ఈసారి రెండు. ఒకే మొక్క ఆకులు, రెండు వేర్వేరు రంగులు.)

పాక్లిటాక్సెల్ అయితే మిల్లీగ్రాముల్లో తూచి ఇవ్వొచ్చు. కషాయంలో మాత్రం రకరకాల పదార్థాలు కలగలిసి ఉంటాయి. ఎండాకాలం కోసిన ఆకులో ఉన్నవి వానాకాలం ఆకులో అంతే పాళ్లలో ఉండవు. అవి మారితే రేణువు సైజూ మారుతుంది. ఈ రెండు బీకర్లూ ఒకే మొక్కవి.