సుత్తి పక్కన పెట్టండి

అధ్యక్షులకు, నిర్వాహకులకు, పని మానుకుని వచ్చిన మెకానిక్కు సోదరులకు, పాత సైకిళ్ళంటే ప్రాణం పెట్టే అందరికీ నమస్కారం.

నాకిచ్చిన విషయం పాత లైట్‌వెయిట్ సైకిలు తుప్పు వదిలించడం. తప్పకుండా చెప్తాను. అయితే ఏం వదిలించకూడదో ముందు చెప్పనివ్వండి. ఈ బల్ల మీది ఫ్రేము చూడండి. ఇసుక కొట్టించి, పౌడర్ కోటింగ్ వేయించారు. నిగనిగలాడుతోంది. కానీ గొట్టాలను అతికే చోట తొడిగిన లగ్గు అంచు ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా అందడం లేదు. సీటు కింది నిలువు గొట్టం, అంటే సీటు ట్యూబు, మీద అంటించిన పేరు ముద్ర, ట్రాన్స్‌ఫరు, పోయింది. లగ్గుల చుట్టూ ఎవరో సన్న కుంచెతో చేత్తో లాగిన గీత పోయింది. రంగు మళ్ళీ ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, ఆ మొదటి రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది.

ఈ సైకిలు తేలికంతా గొట్టంలో ఉంది. మామూలు బరువు సైకిలు, రోడ్‌స్టరు, ఇరవై కిలోల దాకా తూగితే ఇది పది పన్నెండు కిలోలు. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో బటెడ్ గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. రెండు కొసలూ మందం, నడుమ పలచన. అతుకు వేసేటప్పుడు వేడి తగిలేది, తొక్కేటప్పుడు ఒత్తిడి పడేది కొసల దగ్గరే కాబట్టి బలం అక్కడ ఉంచి, నడుమ బరువు తీసేశాడు. 1935లో అదే కంపెనీ 531 అనే మాంగనీసు, మాలిబ్డినం ఉక్కు తెచ్చింది. దాంతో చేసిన బటెడ్ గొట్టం నడిమి గోడ చాలా ఫ్రేముల్లో అర మిల్లీమీటరు పైచిలుకే. రెండు విజిటింగ్ కార్డులు కలిపి పట్టుకుంటే అంత మందం. దాని మీద ముతక ఇసుకను గట్టి ప్రెషరుతో కొడితే తుప్పు తిన్న గుంటలు ఇంకా లోతవుతాయి. అంతకన్నా పెద్ద నష్టం, పైన పడిన దళసరి పూత లోపాన్ని దాచేస్తుంది. గుద్దుకున్న సైకిలుకు హ్యాండిల్ కింది పొట్టి గొట్టం, అంటే హెడ్ ట్యూబు, వెనక, అక్కణ్ణించి పెడళ్ళ వైపు దిగే డౌన్ ట్యూబు అడుగున గొట్టం సన్నగా ముడత పడుతుంది. పాత రంగు మీదయితే అక్కడ పగులు గీత కనిపించేది.

కాబట్టి పానా పట్టకముందే పరీక్ష. హెడ్ ట్యూబు వెనక రెండు గొట్టాల అడుగునా వేలు నడపండి. తర్వాత దారం. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడికి, అంటే డ్రాపౌటుకు, కట్టి, హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌటుకు బిగించండి. సీటు ట్యూబుకూ దారానికీ మధ్య ఖాళీ రెండు పక్కలా కొలవండి. 2 మిల్లీమీటర్లు మించి తేడా వస్తే వెనక భాగం వంగిందన్నమాట. సీటు ట్యూబులో దిగి సీటును మోసే సీటు పైపు వచ్చేస్తే అక్కణ్ణించి టార్చి వేసి లోపలికి చూడండి. నీళ్ళు దిగి నిలిచేది పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ దగ్గర, తుప్పు లోపలినుంచి తినేదీ అక్కడే.

ఇక విప్పడం. అయ్యా, మీలో పెడలు చెయ్యిని, అంటే క్రాంకును, దాని ఇరుసుకు, అంటే యాక్సిల్‌కు, బిగించే కాటర్ పిన్నును సుత్తితో కొట్టినవాళ్ళు చేతులెత్తండి. దించెయ్యండి, తప్పు పట్టడానికి అడగలేదు. ఈ పిన్ను ముందు వరుసవాళ్ళు చూసి వెనక్కి అందించండి. 9.5 మిల్లీమీటర్ల ఇంగ్లీషు కాటరు. మర ఉన్న కొస పుట్టగొడుగులా విచ్చుకుంది చూశారా? ఆ గుండు క్రాంకు బొక్కలో ఇక దూరదు, డ్రిల్లుతో తొలిచి తియ్యాల్సిందే. డ్రిల్లు రవ్వంత పక్కకు జరిగినా క్రాంకు పోతుంది, యాక్సిల్ పోతుంది. పిన్ను మెత్తటి ఉక్కు. దాన్ని అలా చేశారు, యాక్సిల్‌ను కరవాలని. దాని మీద చిన్న సుత్తితో పదిసార్లు టకటకా కొడితే కొస నలుగుతుందే గానీ పిన్ను కదలదు. కింద ఆధారం లేకపోతే ఆ దెబ్బలన్నీ యాక్సిల్ మీదుగా గోళీలకు, గోళీలనుంచి అవి తిరిగే కప్పులకు దిగుతాయి. కప్పులో గోళీ గుంటలు పడ్డాక ఎంత గ్రీజు పెట్టినా కరకరమంటూనే ఉంటుంది.

రెండు మూడు రోజులు పూటపూటా పెనెట్రేటింగ్ ఆయిల్ వెయ్యండి. నట్టును పిన్ను కొసతో సమం అయ్యేదాకా వదులు చెయ్యండి, మర నలగకుండా కాపాడేది అదే. పిన్నును నొక్కి తోసే కాటర్ ప్రెస్ ఉంటే మేలు. లేకపోతే గట్టి సి-క్లాంపు. పిన్ను తల వైపున ఆ తల దూరేంత సాకెట్టు పెట్టి, అవతలి కొస మీద క్లాంపు ఆనించి బిగించండి. ఇంకా కదలకపోతే అలాగే బిగింపులో వదిలి ఒక రాత్రి ఆగండి. వచ్చేటప్పుడు టప్పుమని చప్పుడు చేస్తూ వస్తుంది. వినసొంపైన చప్పుడు! సుత్తి తప్పనిసరైతే, పిన్ను తల లోపలికి దిగేంత బొక్క ఉన్న ఇనప పైపు క్రాంకు కింద నిలబెట్టి నేలకు ఆనించండి. బరువైన సుత్తితో ఒక్కటే సూటి దెబ్బ.

బిగించేటప్పుడు కొత్త పిన్నులే. ఫ్రెంచి సైకిళ్ళకు చాలావరకు 9 మిల్లీమీటర్లవి, కొలిచి కొనండి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో వెళ్ళాలి, లేకపోతే రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలవవు. ముందు ప్రెస్‌తో నొక్కి, ఆ తర్వాత నట్టు. నట్టుతోనే లోపలికి లాగాలని చూస్తే మర తెగుతుంది. ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ ఒకసారి నొక్కి బిగించండి. ఈ రెండో బిగింపు మర్చిపోయిన క్రాంకు వదులై, పిన్నును గంటు కొట్టేస్తుంది.

ఒక్క పిన్ను దగ్గరే సగం సమయం అయిపోయింది. అయినా చెప్పి తీరాలి, ఎందుకంటే ఇదే తొందర అన్నిచోట్లా ఇదే చేటు చేస్తుంది. సీటు పైపు సంగతే తీసుకోండి. అల్యూమినియం పైపు ఉక్కు ఫ్రేములో ఏళ్ళ తరబడి తడితో ఉంటే తినేది అల్యూమినియాన్నే. ఆ బూడిదరంగు పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి పైపును బిర్రబిగిస్తుంది. ఇక్కడ వేడి చేస్తే లాభం లేదు, అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. పైపును ఐసుతో చల్లార్చండి. ఫ్రేమును తలకిందులు చేసి బాటమ్ బ్రాకెట్ వైపునుంచి కూడా ఆయిల్ పొయ్యండి. సీటు పట్టుకుని మెలితిప్పితే మాత్రం లగ్గు మెలిక పడుతుంది. ఏదీ పనిచెయ్యకపోతే పైపును పైన కోసేసి, లోపలినుంచి హాక్సా బ్లేడుతో నిలువుగా గాడి కోస్తూ రావాలి. విసుగు పుట్టే పని, అయినా ఫ్రేము దక్కుతుంది. కొత్త పైపు కొనేముందు లోపలి వ్యాసం కొలవండి. 531 బటెడ్ ఫ్రేములు చాలావాటికి 27.2 మిల్లీమీటర్లు. 27.0 వేస్తే జారుతుంది.

బాటమ్ బ్రాకెట్‌లో ఒక్క మాట. ఇంగ్లీషు మర అయితే చైను వైపు కప్పు ఎడమ మర, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఇటాలియన్, పాత ఫ్రెంచి ఫ్రేముల్లో అలా కాదు, రెండూ కుడి మరే. కప్పు లోపలి బాట నున్నగా ఉంటే దాన్ని కదపకండి, ఉన్నచోటే తుడిచి, పక్కకు 11 చొప్పున పావు అంగుళం గోళీలు కొత్తవి వెయ్యండి.

సరే, తుప్పు. క్రోమ్ పొర కింద నికెల్ పొర ఉంటుంది. కంటికి కనబడని రంధ్రాల్లోంచి తడి ఉక్కు దాకా దిగి, తుప్పు అదే దారిన పైకి పొక్కుతుంది. అందుకే భయపెట్టే మచ్చల్లో చాలావరకు పైపైవే. వంటింటి అల్యూమినియం రేకు ఉండచుట్టి నీళ్ళలో ముంచి రుద్దండి, క్రోమ్ కన్నా మెత్తన గనక గీత పడదు. విడి ఉక్కు భాగాలకు ఆక్సాలిక్ ఆసిడ్, లీటరు గోరువెచ్చని నీటికి 20 గ్రాములు. మధ్యమధ్య తీసి చూడండి, అతిగా ఉంచితే పసుపుపచ్చ పొర పడుతుంది. తీశాక కడిగి, వంటసోడా నీళ్ళలో ముంచి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. అల్యూమినియం, జింకు పూత ఉన్నవి అందులో వెయ్యకూడదు. అది విషం, అమ్మా, పిల్లలున్న ఇంట్లో తాళం వేసి పెట్టండి, తొడుగులు లేకుండా చెయ్యి పెట్టకండి.

రంగు మీద సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, చివర మైనం. థిన్నరు తగిలితే ట్రాన్స్‌ఫరు కరిగిపోతుంది. గొట్టాల లోపల అవిసె నూనె పోసి అన్ని వైపులా తిప్పి ఆరనివ్వండి. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, పరిచి ఆరేయండి.

చక్రాల గురించి టైరు కొలత ఒక్కటే చెప్పి ఆపుతాను. 27 అంగుళాల రిమ్ముకు టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సి రిమ్ముకు 622. చూపుకు ఒకటే అనిపించినా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. పాత అల్యూమినియం హ్యాండిల్‌ను నడిమి పట్టు దగ్గర పగుళ్ళకు చూడందే దాని మీద బరువు వెయ్యకండి. బ్రేకు వైర్లు పాతవి ఉంచకండి.

ఆ పిన్ను ఆఖరి వరుసకు చేరిందా? చేరితే ఇక ఇటు రండి. దారం ఇక్కడే ఉంది. ఈ ఫ్రేము డౌన్ ట్యూబు అడుగున, ఇంత పూత కింద, ముడత ఉందో లేదో ఒక్కొక్కరూ మీ వేలితో మీరే చూసి చెప్పండి.