నెలసరి వాయిదా మాత్రలు, గర్భనిరోధక మాత్రలు: భయపడాలా? (స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. 18 ఏళ్ల అమ్మాయి ఇంట్లో పూజ ఉందని నెలసరి వాయిదాకు హార్మోన్ మాత్రలు వేసుకుంది. కాలు వాచింది, కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది, ఆ గడ్డ బొడ్డు దాకా పాకింది, ప్రాణం పోయింది. 2025లో ఒక వైద్యుడు చెప్పిన ఈ ఉదంతంతో గర్భనిరోధక మాత్రలన్నా భయం పట్టుకుంది. నా ప్రశ్న ఒక్కటే: డాక్టరు చీటీ లేకుండా ఆ మాత్రలు ఎవరు అమ్మారు?

గైనకాలజిస్టు: ముందు రెండింటినీ వేరు చేయండి. వాయిదాకు ఇచ్చేది నోరెథిస్టెరాన్ అనే హార్మోన్, 5 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. గర్భం రాకుండా వాడే మాలా-డి వేరు. అందులో లెవోనార్జెస్ట్రెల్, ఈస్ట్రోజెన్ అనే రెండు హార్మోన్లు...

రక్తనాళాల సర్జన్: ఒక్క మాట మేడం. పూర్తిగా వేరు కాదు. ఆ మోతాదులో నోరెథిస్టెరాన్ కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈస్ట్రోజెన్ ఎక్కువైతే కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను...

గైనకాలజిస్టు: తెలుసండీ, నన్ను ముగించనివ్వండి. మాత్ర వాడని, గర్భం లేని 10 వేల మందిలో ఏడాదికి ఇద్దరికి గడ్డ కడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న మాత్ర వాడేవాళ్లలో 5 నుంచి 7 మందికి. డ్రోస్పైరినోన్ అనే మరో హార్మోన్ ఉన్నదైతే 9 నుంచి 12 మందికి. యూరప్ ఔషధ సంస్థ లెక్క ఇది. బాలింతకు ఇంతకన్నా ఎన్నో రెట్లు ముప్పు. దాని మీద చర్చ పెట్టరేం?

యాంకర్: అంటే రెట్టింపు దాటింది కదా! అవే మాత్రలు చీటీ లేకుండా...

గైనకాలజిస్టు: ఆ ‘రెట్టింపు’తోనే బ్రిటన్ కొంప మునిగింది! 1995 అక్టోబరులో కొన్ని మాత్రలతో గడ్డల ముప్పు రెట్టింపని అక్కడి ఔషధ భద్రతా కమిటీ హెచ్చరించింది. 7 వేల మందిలో ఒకరికి ఉన్నది ఇద్దరికి పెరిగింది, అంతే. భయంతో ఆడవాళ్లు మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు సుమారు 13 వేలు పెరిగాయి. ఆ పాపం ఎవరిది?

సర్జన్: ఫ్రాన్స్ సంగతీ చెప్పాలి. 2013లో డయాన్-35 అనే మొటిమల మాత్ర అమ్మకాలను గడ్డల భయంతో ఆపేశారు...

గైనకాలజిస్టు: మళ్లీ అనుమతించారు. అదీ చెప్పండి!

సర్జన్: చెబుతాను, కానీ మొటిమల మందును గర్భనిరోధకంగా రాసినందుకు...

యాంకర్: ఫ్రాన్స్ వద్దు, మన వీధి చివరి దుకాణానికి రండి. మీరు చెప్పండి, ఎందుకు అమ్ముతున్నారు?

మందుల దుకాణం యజమాని: పెళ్లిళ్లకు, వ్రతాలకు, తిరుమల ప్రయాణానికి ముందు అడుగుతారు సార్. వచ్చేది తల్లో అన్నో. ఆ అమ్మాయి మా ఎదుటకే రాదు. ఎవరిని ఏమని అడగను?

యాంకర్: చీటీ అడగండి!

మహిళా కార్యకర్త: అసలు నెలసరిలో పూజ చేయకూడదన్నది ఎవరు? అక్కడ మొదలైంది ఈ మాత్ర.

యాంకర్: ఆచారాల జోలికి వెళ్లొద్దు.

గైనకాలజిస్టు: ఎందుకు వెళ్లకూడదు? శ్రావణమాసం వస్తే నా దగ్గర తల్లుల వరుస. ‘వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, పిల్లకు తేదీ గురువారం’ అంటారు. పిల్ల నోరెత్తదు.

కార్యకర్త: మీరు రాసిస్తారా?

గైనకాలజిస్టు: అడగాల్సినవి అడిగి రాస్తాను. ఇంతకుముందు గడ్డ కట్టిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, పొగ తాగుతావా అని. గర్భనిరోధక మాత్రకైతే ఇంకా అడుగుతాను: 35 దాటాయా, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి వస్తుందా, కాన్పయి 21 రోజులు దాటాయా అని. రెండు నిమిషాల పని! ఇది చేయకుండా మాత్రనే దోషిని చేస్తే, మళ్లీ చెబుతున్నా, బ్రిటన్‌లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. సరిపడనివాళ్లకు కాపర్-టీ ఉంది, అందులో హార్మోనే లేదు.

సర్జన్: లక్షణాలు చెప్పనివ్వండి. ఒక కాలే వాచడం, పిక్కలో నొప్పి, ఆయాసం, ఛాతీలో పోటు. ఆ అమ్మాయిని రాత్రే ఆసుపత్రికి తెమ్మన్నారు. ఇంటివాళ్లు తెల్లారాక అన్నారు. మాత్ర మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ముప్పు ఎక్కువ, కాబట్టి...

గైనకాలజిస్టు: తొలి నెలలు దాటితే తగ్గుతుంది, అదే నేననేది! ఆపి ఆపి మళ్లీ మొదలుపెట్టేవాళ్లకే...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు)

యాంకర్: సమయం లేదు. అవునా కాదా చెప్పండి: చీటీ లేకుండా అమ్మితే లైసెన్సు రద్దు చేయాలా?

యజమాని: ఒక్క దుకాణం మూస్తే...

గైనకాలజిస్టు: లైసెన్సు కాదండీ, ఆ పిల్లను ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగారా? అది తేల్చండి ముందు!