కూర కాదు, గుమ్మడి పండు

సభలోని పెద్దలకు, ముందు వరుసలో బాసింపట్లు వేసుక్కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మన కాళ్లాగజ్జా పాటను ఇంట్లోనే క్లే ముద్దతో, ఫోను కెమెరాతో కదిలే బొమ్మల సినిమాగా ఎలా తీయాలో ఇవాళ చెబుతాను. ముందు నలభై దాటినవాళ్లను ఒక మాట అడుగుతాను. 1990లలో దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కార్టూన్ గుర్తుందా? జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్లు 1983లో మొదలుపెట్టిన బొమ్మల సీరియల్ అది. కథ చెప్పమంటే తడుముకుంటారు. గుల్జార్ రాసిన ఆ టైటిల్ పాటను ఎత్తుకుంటే మాత్రం, హిందీ సరిగా రాకుండా చెన్నైలో పెరిగినవాళ్లు కూడా అందులోని 'టోపీ' అనే మాట దగ్గర గొంతు కలుపుతారు. ఆ మాటలకు అర్థం అప్పుడూ తెలియదు, ఇప్పుడూ అక్కర్లేదు. బొమ్మ చెరిగిపోయింది, చప్పుడు మిగిలింది.

ఎందుకు మిగిలిందో చూడండి. ఆలిస్‌ను సృష్టించిన లూయిస్ కరోల్ 1871 నాటి రెండో పుస్తకంలో జాబర్‌వాకీ అనే పద్యం పెట్టాడు. అందులో చాలా మాటలు అప్పటికి ఏ నిఘంటువులోనూ లేనివి. అయినా ఏది నామవాచకమో, ఏది క్రియో చదివినవాడికి తెలిసిపోతుంది. నడక ఎక్కడా కుంటదు. అర్థం పక్కకు తప్పుకున్నప్పుడు ఛందస్సూ వ్యాకరణమూ రెట్టింపు బరువు మోయాలి. బొమ్మ వేసిన జాన్ టెనియల్ కూడా నవ్వించాలని గీతలు వంకర పెట్టలేదు. ఆ పద్యంలోని లేని మృగాన్ని ఉన్నదానిలాగే గీశాడు, దానికి వెయిస్ట్‌కోటు తొడిగి గుండీలు కూడా పెట్టాడు. వింత అనేది కలయికలో ఉండాలి, గీతలో కాదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే చాలావరకు పని అయినట్టే.

ఇప్పుడు మన పాటకు వద్దాం. పిల్లలు కాళ్లు చాపుక్కూర్చుంటే ఒక్కో కాలినీ తాకుతూ పాడి, పాట ముగిసిన చోటి కాలిని ముడిపించే ఆటపాట ఇది.

కాళ్లాగజ్జా కంకాళమ్మ, వేగుచుక్కా వెలగామొగ్గా, మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మల బావి, బావి కాదు బచ్చలి కూర, కూర కాదు గుమ్మడి పండు, పండు కాదు పాపిడి మీసం, మీసం కాదు మిరియాల పోతు, పోతు కాదు బొమ్మల శెట్టి, శెట్టి కాదు శామ మన్ను, మన్ను కాదు మంచి గంధపు చెక్క, కాలు తీసి కడగా పెట్టు.

ఇది గజ్జికి వైద్యం చెప్పే పాట అనేవాళ్లున్నారు. ఉంటే ఉండనివ్వండి. కాళ్లు చాపుక్కూర్చున్న పిల్లకు అందులో వైద్యం వినిపించదు, 'కాదు' వినిపిస్తుంది. ఒక వస్తువు పుట్టగానే అది కాదంటారు, అది ఇంకొకటిగా మారుతుంది. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మో వరుసగా గీసుకున్నదాన్ని కార్టూన్ తీసేవాళ్లు స్టోరీబోర్డు అంటారు, అది ఇదే. మన అమ్మమ్మలు గీయకుండానే ఇచ్చి వెళ్లారు.

ముందు పాట రికార్డు చేయాలి, తర్వాతే బొమ్మ. చాలామంది తలకిందులుగా చేస్తారు. బొమ్మలు తీసేసి పాట అతికిస్తే పెదవి ఒకచోట, మాట ఒకచోట పడుతుంది. పిల్లలు పాడినట్టు సాగదీసి మాత్రలు, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం, లెక్కపెట్టండి: మొగ్గా, కాదూ, మోదుగ, నీడా. నాలుగేసి మాత్రల గణాలు, అంటే గుంపులు, నాలుగు. గణానికి ఒక తాళం, పాదానికి నాలుగు తాళాలు. రెండుచోట్ల జాగ్రత్త. 'మిరియాల'లో అయిదు మాత్రలున్నాయి, దాన్ని నాలుగులో ఇరికించి పాడతారు, ఫర్వాలేదు. 'మంచి గంధపు చెక్క' పాదానికి మాత్రం అయిదో తాళం పడుతుంది. ఇది మరిచిపోతే చివరి పాదం మొత్తం ముందుకు జరిగిపోతుంది. పదకొండు పాదాలకు 44, దీనికి 5, మొత్తం 49 తాళాలు. మీ ఇంట్లో పాఠం వేరుగా ఉంటే లెక్క మళ్లీ వేసుకోండి, మీ పాఠాన్ని మార్చకండి.

వేగం నిమిషానికి 90 తాళాలు. కారణం చెబుతాను. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున, అంటే 12 ఫొటోల చొప్పున తీస్తే ఒక్కో తాళానికి సరిగ్గా 8 ఫ్రేములు వస్తాయి. 100 పెట్టుకుంటే 7.2 వస్తాయి. 7 వేసుకుంటూ పోతే ముప్పై తాళాలకు 6 ఫ్రేములు, అంటే అర సెకను తేడా. అర సెకను తేడాను పిల్లలు కూడా పట్టేస్తారు. మా లెక్కలో 392 ఫ్రేములు, 33 సెకన్లకు కాస్త తక్కువ. పాడే పిల్లకు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, సమంగా తాళం కొట్టే మెట్రోనోమ్ వినిపించండి, లేకపోతే ఉత్సాహంలో చివరకు పరుగెత్తుతుంది. ఫ్యాను ఆపాలి. బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు నిలబెడితే గది మోత తగ్గుతుంది.

బొమ్మకు బడిపిల్లలు వాడే నూనె క్లే, పావుకిలో, ఒకే రంగు. రంగులు కలిపితే నాలుగో మార్పుకే బురదరంగు అవుతుంది. రంగు కావాలంటే కింద పరిచే చార్టు మార్చండి. ముద్దను తగ్గించకండి, పెంచకండి. అదే ముద్ద బావి అయింది, అదే కూర అయింది అని కన్ను నమ్మాలి. నీడ అంటే ముద్దను పల్చగా వత్తి మోదుగాకులా మూడు రేకులు చేయడం. పాపిడి మీసం ఏమిటని అడిగితే మీసానికి నడుమ పాపిడి తీయండి, అంతే. మిరియాల పోతును పిల్లలకే వదిలేయండి, కానీ కొమ్ములు, గిట్టలు, గంగడోలు సరిగ్గా ఉండాలని పట్టుబట్టండి.

మన ఊరి మే నెలలో క్లే వేళ్లకు అంటుకుని జారుతుంది. ప్రతి పాదం తర్వాత పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫోనును రెండు పుస్తకాల దొంతుల మధ్య పడుకోబెట్టి కెమెరాను కిందికి చూపండి. ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయాలి. చేయకపోతే మీ చెయ్యి అడ్డొచ్చినప్పుడల్లా కెమెరా తనంతట తాను వెలుగు మారుస్తుంది, సినిమా అంతా మినుకుమినుకుమంటుంది. కిటికీ వెలుతురు నమ్మకండి, మబ్బు పడితే అంతే. రాత్రిపూట రెండు ఎల్‌ఈడీ దీపాలు చెరో పక్క నుంచి ఏటవాలుగా పెట్టుకోండి. తెరను వేలితో నొక్కితే ఫోను కదులుతుంది. చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ తీగమీది వాల్యూమ్ బటనే షట్టర్‌గా పనిచేస్తుంది.

ఒక్కో పాదంలో మొదటి తాళం పాత బొమ్మది, దాన్ని కదల్చకండి. 'కాదు' మీద పడే 8 ఫ్రేముల్లోనే మార్పు జరగాలి: రెండింట్లో ముద్ద కొంచెం ముడుచుకోవాలి, మూడింట్లో నలగాలి, మూడింట్లో కొత్త ఆకారం లేవాలి. మిగిలిన 16 కొత్త బొమ్మవి. దాన్ని చూడనివ్వండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే, బొమ్మ ఎప్పుడూ కదులుతూనే ఉండాలనుకుంటారు. నిలిచి ఉండకపోతే అది గుమ్మడిపండని గుర్తుపట్టేలోపే మీసం అయిపోతుంది. ఇంకొకటి: ఈ 8 ఫ్రేముల మార్పు మొత్తాన్నీ ఒక ఫ్రేము ముందుకు జరపండి, మాటకంటే ముందే అది మొదలవ్వాలి. కన్ను ముందు, చెవి తర్వాత అయితేనే రెండూ కలిసినట్టు అనిపిస్తుంది.

ఈ చెన్నైలో మన పిల్లల్లో చాలామంది బడిలో తెలుగు చదవరు. 'గంధపు'ను 'గందపు' అంటారు. రికార్డింగు మధ్యలో ఆపి దిద్దకండి, తాళం చెడుతుంది. మద్రాసు ఆకాశవాణిలో రేడియో అన్నయ్య, అక్కయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్లు పిల్లలకు తెలుగును చెవి ద్వారానే ఇచ్చారు. అర్థంలేని పాటకు ఇంకో వసతి కూడా ఉంది. అర్థం తెలియని పిల్ల ఇందులో వెనకబడదు.

చివరి పాదంలో కాలు ముడవడం మాత్రం క్లేతో వద్దు, పిల్లల అసలు కాళ్లనే తీయండి. అయిదుగురు కూర్చుంటే పది కాళ్లు, పది ఆవృత్తాలు, అంటే పాట పదిసార్లు. నడిమి బొమ్మలన్నీ అవే వాడుకోవచ్చు. ప్రతిసారి కొత్తగా తీయాల్సింది కాళ్లు కనిపించే మొదటి పాదం, చివరి పాదం, అంటే 64 ఫ్రేములే. ముడిచిన కాలు తర్వాతి ఆవృత్తంలో కనిపించకూడదు, కాబట్టి ఆ పిల్లను తీత అయ్యేదాకా అలాగే కూర్చోమనండి, మధ్యలో మంచినీళ్లు ఇవ్వండి.