రోజూ నడుముకు ఉండే పిస్టల్: శుభ్రపరచడం, పనితీరు సరిచూసుకోవడం

నమస్కారం. టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టపరమైన నిషేధం ఏదీ లేనివారు ప్రత్యేక లైసెన్సు లేకుండానే పిస్టల్‌ను దుస్తుల కింద ధరించే వీలు 2021 సెప్టెంబరు 1 నుంచి ఉంది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువారిలో కొందరు కూడా ఇలా ధరిస్తున్నారు కాబట్టి ఈ పాఠం తెలుగులో చెబుతున్నాను. అయితే హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అందువల్ల ఈ పాఠం పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి, చట్టబద్ధంగా పిస్టల్ కలిగినవారి కోసం.

నా ముందున్నది 9 మిల్లీమీటర్ల గ్లాక్ 19. కాల్పుల సాధన చేసే రేంజిలో విరివిగా కాల్చే పిస్టల్‌కు తుపాకీ మందు మసి పడుతుంది కాబట్టి దాన్ని శుభ్రం చేయాలని ఎవరికైనా గుర్తుంటుంది. కానీ నెలల తరబడి ఒక్క తూటా కూడా కాల్చకుండా నడుముకు ఉండిపోయే పిస్టల్‌కు పట్టే మురికి వేరు. చొక్కా నుంచి రాలే నూలు పీచు, ఒంటి చెమటలోని ఉప్పు, వేడికి జారిపోయి ఎండిపోయే నూనె, ఇవన్నీ కంటికి కనిపించకుండా చేరుతాయి. నా దృష్టిలో తక్కువగా కాల్చే పిస్టల్‌నే ఎక్కువ శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే దాని లోపం బయటపడే సందర్భమే రాదు.

మొదటి పని ఖాళీ చేయడం. ఇందులో తొందర పనికిరాదు. పిల్లలు లేని గదిలో, గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు ఉంచి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా, ముందుగా పిడిలో ఉండే తూటాల డబ్బీని, అంటే మ్యాగజైన్‌ను, బయటకు తీయండి. ఆ తర్వాతే పైన ముందుకూ వెనక్కూ జారే భాగాన్ని, అంటే స్లయిడ్‌ను, వెనక్కి లాగి, గొట్టం వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లోని తూటాను బయటపడేయండి. ఈ వరుస తలకిందులైతే, బయటపడిన తూటా స్థానంలోకి మ్యాగజైన్ నుంచి మరొకటి ఎక్కుతుంది, చేతిలోని పిస్టల్ ఖాళీ అయిందన్న భ్రమ మాత్రం మిగులుతుంది. గ్లాక్‌ను విడదీయాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కాబట్టి ఆ భ్రమ ప్రాణాంతకం కావచ్చు. స్లయిడ్‌ను వెనక్కి ఆపి, ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, తూటాలన్నిటినీ వేరే గదిలో పెట్టి వచ్చి, మళ్లీ ఒకసారి చూడండి.

ఇప్పుడు గొట్టాన్ని అదే సురక్షిత దిక్కుకు ఉంచి ట్రిగ్గర్ నొక్కుతున్నాను. స్లయిడ్‌ను సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి లాగి, పిడి ఉన్న కిందిభాగమైన ఫ్రేముకు రెండు వైపులా ఉన్న లాక్‌ను కిందికి దించితే స్లయిడ్ ముందుకు జారి వచ్చేస్తుంది. స్లయిడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్, తర్వాత బ్యారెల్, అంటే గొట్టం, తీస్తే చాలు. అంతకంటే లోతుగా విప్పవలసిన అవసరం మామూలు శుభ్రతకు లేదు.

బ్యారెల్‌లోకి ఛాంబర్ వైపు నుంచే మసిని కరిగించే ద్రవంతో, అంటే సాల్వెంట్‌తో, తడిపిన బ్రష్‌ను పంపి, కొద్ది నిమిషాలు ఆగి, గుడ్డ ముక్కలు శుభ్రంగా వచ్చేదాకా తుడవండి. స్లయిడ్ లోపల తూటా అడుగు ఆనే ముఖాన్ని, ఖాళీ తొడుగును పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందిభాగాన్ని నైలాన్ బ్రష్‌తో రుద్దండి; పీచు, ఇత్తడి పొడి కలిసి గట్టిపడేది ఇక్కడే. రుద్దేటప్పుడు స్లయిడ్ ముందుభాగం కిందికి వంచి ఉంచితే సాల్వెంట్, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి పారదు. ఆ రంధ్రంలో నూనె చేరితే మురికిని పట్టి ఉంచి పిన్ దెబ్బను బలహీనపరుస్తుంది. మ్యాగజైన్ లోపల కూడా పొడి గుడ్డతో తుడవడమే, నూనె వద్దు. మీరు విడిగా కొని అమర్చుకున్న, గురి చూసే స్టీలు సైట్లు, చిన్న పిన్నుల దగ్గర తుప్పు మరకలు ఉన్నాయేమో చూడండి, చెమట తగిలే పక్కన మరీ ముఖ్యంగా.

నూనె విషయంలో చాలామంది అతి చేస్తారు. ఫ్రేము వెనక కుడి మూలలో ట్రిగ్గర్ బార్, కనెక్టర్ అనే లోపలి భాగాలు కలిసే చోట ఒక్క చుక్క అన్నిటికంటే ముఖ్యం. స్లయిడ్ గాడుల్లో ఒక్కో చుక్క, బ్యారెల్ పైభాగాన పలచటి పూత ఉంటే సరిపోతుంది. అదనపు నూనె పీచును మరింత ఆకర్షిస్తుంది, తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌లోకి ఇంకితే అది పేలకుండా పోవచ్చు.

తిరిగి బిగించాక, ఇంకా ఖాళీగానే ఉందని మరోసారి చూసుకుని పరీక్షలు మొదలుపెడదాం. ట్రిగ్గర్ మధ్యనున్న చిన్న మీటను తాకకుండా పక్కల నుంచి లాగితే ట్రిగ్గర్ కదలకూడదు. సరిగ్గా నొక్కితే క్లిక్‌మనాలి. దాన్ని అలాగే పట్టి స్లయిడ్ ఒకసారి లాగి వదిలి, ట్రిగ్గర్‌ను మెల్లగా ముందుకు రానిస్తే మళ్లీ కుదురుకున్న శబ్దం రావాలి. ఆ తర్వాత, గొట్టం పైకెత్తి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి, స్లయిడ్‌ను చేత్తో వెనక్కి లాగి నెమ్మదిగా ముందుకు పోనివ్వండి. స్ప్రింగ్ బలంగా ఉంటే పూర్తిగా మూసుకుంటుంది, సందు మిగిలితే స్ప్రింగ్ మార్చే సమయం వచ్చినట్టే. ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లయిడ్ లాగితే అది వెనకే ఆగాలి. మీ దగ్గరున్న ప్రతి మ్యాగజైన్‌తోనూ ఇది చేయండి. గురికి ఎర్ర చుక్క చూపే రెడ్ డాట్ పరికరం ఉంటే ఏటా బ్యాటరీ మార్చడం, పిస్టల్ పెట్టుకునే ఒర, అంటే హోల్‌స్టర్, స్క్రూలు వదులయ్యాయేమో చూడటం కూడా ఈ పూటే పూర్తిచేసుకోండి.

తూటాల సంగతి కాస్త నిదానంగా వినండి. రోజూ రాత్రి ఖాళీ చేసి, ఉదయం అదే తూటాను మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కిస్తూ పోతే, ప్రతిసారీ తగిలే దెబ్బకు తూటా కొసనున్న బుల్లెట్ దాని ఇత్తడి తొడుగులోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది. లోపలి ఖాళీ తగ్గిన తూటా పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. పొట్టిగా ఉన్నదాన్ని కాల్చకుండా రేంజి సిబ్బందికి అప్పగించండి. అసలు రోజూ ఖాళీ చేసే అలవాటు కంటే, హోల్‌స్టర్‌తో సహా పిస్టల్‌ను తాళమున్న పెట్టెలో పెట్టడం మంచిదని నా అభిప్రాయం. సీసం అంటిన చేతులను సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి.

చివరి పరీక్ష రేంజిలో జరగాలి. శుభ్రం చేసిన వెంటనే కాకుండా, కొన్నాళ్లు ధరించాక నడుముకు ఎలా ఉందో అలాగే తీసుకెళ్లి, మోస్తున్న తూటాలనే ముందు కాల్చండి, ఎందుకంటే అవసరం వచ్చిన రోజున పిస్టల్ ఉండేది ఆ స్థితిలోనే. మ్యాగజైన్లకు అంకెలు వేసుకుని, ఎక్కడైనా ఆగిపోతే ఏ అంకెదో రాసుకోండి. ఒకే మ్యాగజైన్‌తో లోపం తిరిగివస్తే ఆ మ్యాగజైన్‌ను పక్కనపెట్టండి. అన్నిటితోనూ వస్తే తూటా రకం మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు ఇవ్వండి, అది బాగై మళ్లీ రేంజిలో నిరూపించుకునేదాకా ఆ పిస్టల్‌ను ధరించకండి.