ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌ను వైఫైతో ఇతర పరికరాలకు పంచడం: ఫోన్‌లో పేరు కనిపించకపోతే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్‌కు వస్తున్న ఇంటర్నెట్‌ను వైఫై ద్వారా ఫోన్‌కు, ట్యాబ్‌కు, టీవీకి ఎలా అందించాలో ఈ వీడియోలో చూద్దాం. నా ముందున్న ఈ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. విండోస్ 10 వాడుతున్నవారికి కూడా పద్ధతి ఇదే. తెర మీద అమరిక కాస్త వేరుగా కనిపిస్తుంది, అంతే.

ఇంట్లో రూటర్ ఉన్నవారికి దీని అవసరం పెద్దగా రాదు. హాస్టల్ గదిలో గోడకు ఒకే ఒక్క ల్యాన్ పాయింట్ ఉండి, ఆ కేబుల్ ల్యాప్‌టాప్‌కు తప్ప మరి దేనికీ పెట్టలేని పరిస్థితిలో ఇది పనికొస్తుంది. హోటల్‌లో దిగినప్పుడు గది నంబరు, పేరు అడిగే లాగిన్ పేజీ వస్తుంది కదా, ఆ పేజీని చూపించలేని పరికరం మీ దగ్గర ఉన్నప్పుడు కూడా ఇదే మార్గం: ల్యాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ అయితే, దాని వెనుక ఉన్న పరికరాలన్నీ అదే లాగిన్ మీద నడుస్తాయి. ఎందుకంటే ల్యాప్‌టాప్ ఇక్కడ ఒక చిన్న రూటర్ పని చేస్తోంది. లోపల ఎన్ని పరికరాలు ఉన్నా, అవతలి నెట్‌వర్క్‌కు ల్యాప్‌టాప్ చిరునామా ఒక్కటే కనిపిస్తుంది. ఇలా పంచకూడదన్న నిబంధన మీ హాస్టల్‌లో గానీ ఆఫీసులో గానీ ఉంటే మాత్రం ముందుగా అనుమతి తీసుకోండి. ఆఫీసు వారు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇలా పంచడానికి వాడే మొబైల్ హాట్‌స్పాట్ స్విచ్ బూడిద రంగులో, నొక్కడానికి వీలు లేకుండా ఉంటే, దాన్ని ఐటీ విభాగం వారే ఆపి ఉండవచ్చు. దాన్ని దాటడానికి ప్రయత్నించకండి.

సరే, మొదలుపెడదాం. విండోస్ మీట, ఐ అక్షరం కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. ఎడమ వైపు నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మొబైల్ హాట్‌స్పాట్. ఇదిగో, ఈ పేజీ. పైన స్విచ్ ఉంది, ఇప్పుడే వేయకండి.

నేను ఈ పేజీకి ఇంత చుట్టు తిరిగి రాను. విండోస్ మీట, ఆర్ అక్షరం కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎంఎస్, హైఫన్, సెట్టింగ్స్, కోలన్, నెట్‌వర్క్, హైఫన్, మొబైల్‌హాట్‌స్పాట్ అని ఖాళీలు లేకుండా టైప్ చేస్తాను. స్పెల్లింగ్ తెర మీద కనిపిస్తోంది. ఎంటర్ నొక్కగానే నేరుగా ఇదే పేజీ వస్తుంది. విండోస్ 10లోనూ, 11లోనూ ఇదే పని చేస్తుంది కాబట్టి, మెనూలు ఎక్కడికి మారినా నాకు ఇబ్బంది ఉండదు. రోజూ వాడేవారైతే విండోస్ మీట, ఇంగ్లీషు ఏ (A) అక్షరం కలిపి నొక్కి, ఆ వచ్చే పలకలో మొబైల్ హాట్‌స్పాట్ గడిని నొక్కినా చాలు.

మొదటి వరుస చూడండి: షేర్ మై ఇంటర్నెట్ కనెక్షన్ ఫ్రమ్. ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కు ఎటు నుంచి వస్తోందో ఇక్కడ చెప్పాలి. కేబుల్ నుంచి వస్తుంటే ఈథర్నెట్, వైఫై నుంచి వస్తుంటే వైఫై. ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసినా ఇంటర్నెట్ లేదని చెబుతుంటే, ముందుగా ఈ వరుసనే చూడండి; కేబుల్ పెట్టుకుని ఇక్కడ వైఫై అని వదిలేసినవారు చాలామంది ఉంటారు.

రెండో వరుస, షేర్ ఓవర్. వైఫై, బ్లూటూత్ అని రెండు ఉన్నాయి. వైఫై ఎంచుకోండి. బ్లూటూత్ చాలా నిదానం, మనకు అక్కరలేదు.

ఇప్పుడు కింద ప్రాపర్టీస్, అందులో ఎడిట్. పేరు, పాస్‌వర్డ్, బ్యాండ్ అని మూడు గడులు వచ్చాయి. పాస్‌వర్డ్‌లో కనీసం 8 అక్షరాలు ఉండాలి, 63 దాటకూడదు. పేరు విషయంలో ఒక మాట చెప్పాలి. హాట్‌స్పాట్ పేరును తెలుగులో పెట్టవచ్చా అని మీకు సందేహం రావచ్చు. వైఫై ప్రమాణం ప్రకారం పేరు 32 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు సరిపోతుంది గానీ, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ఒత్తు కోసం వచ్చే పొల్లు గుర్తుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. ‘మా ఇంటి వైఫై’ అన్న పేరును లెక్కపెట్టి చూశాను: పది గుర్తులకు 30, రెండు ఖాళీలకు 2, మొత్తం సరిగ్గా 32. దానికి ఇంకొక్క అక్షరం కూడా చేర్చడానికి వీలు లేదు. పైగా పాత పరికరాల్లో తెలుగు పేరు స్థానంలో పిచ్చి గుర్తులు కనిపించే ప్రమాదం ఉంది. అందువల్ల నేను పేరు వరకు ఇంగ్లీషు అక్షరాలే వాడతాను.

ఇక మూడో గడి, నెట్‌వర్క్ బ్యాండ్. ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఈ గడే.

మొదటిసారి నేను హాట్‌స్పాట్ పెట్టినప్పుడు దీన్ని ముట్టుకోలేదు. ఎనీ అవైలబుల్, అంటే ఏది వీలైతే అది, అని ఉంది. బాగానే ఉంది కదా అని వదిలేశాను. మా తమ్ముడి ఫోన్‌లో పేరు వెంటనే కనిపించింది. మా అమ్మ ఫోన్‌లో కనిపించలేదు. అమ్మది పాత ఫోన్, అందుకని తప్పంతా ఆ ఫోన్‌దే అనుకున్నాను. దాన్ని ఆపి మళ్లీ వేశాను, దాని నెట్‌వర్క్ సెట్టింగ్స్ అన్నీ తుడిచేశాను, దాంతో అమ్మ దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ను అనుమానించి వైఫై డ్రైవర్‌ను, అంటే వైఫై కార్డును నడిపే ప్రోగ్రామ్‌ను, తీసేసి మళ్లీ ఎక్కించాను. ఒక పూటంతా దీనికే పోయింది. చివరకు ఈ గడిలో 2.4 గిగాహెర్ట్జ్ అని మార్చగానే పేరు అమ్మ ఫోన్‌లో కనిపించింది.

జరిగిందేమిటంటే, వైఫై ప్రధానంగా రెండు బ్యాండ్ల (రేడియో తరంగాల పరిధుల) మీద నడుస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిది నిదానం, కానీ గోడలు దాటి ఎక్కువ దూరం వెళుతుంది. రెండోది వేగం, కానీ గోడ అడ్డం వస్తే త్వరగా బలహీనపడుతుంది. కొత్త ఫోన్లకు రెండూ అందుతాయి. పాత ఫోన్లు, చవక ట్యాబ్‌లు, చాలా ప్రింటర్లు, వైఫై బల్బులు 2.4 మాత్రమే వినగలవు. ఏది వీలైతే అది అని వదిలేసినప్పుడు ల్యాప్‌టాప్ 5ను ఎంచుకుంటే, 2.4 మాత్రమే ఉన్న ఫోన్‌కు ఆ హాట్‌స్పాట్ ఉన్నట్టే తెలియదు. తప్పు అని చెప్పదు, పాస్‌వర్డ్ అడగదు, జాబితాలో పేరే రాదు. అందుకే మనం తప్పు చోట వెతుకుతాం.

ఇంకా ఒక చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ కూడా వైఫై ద్వారానే ఇంటర్నెట్ తీసుకుంటూ, మళ్లీ వైఫై ద్వారానే పంచుతున్నప్పుడు, ఆ రెండు పనులూ చేసేది లోపలున్న ఒకే వైఫై కార్డు. చాలా కార్డులు ఒక సమయంలో ఒక్క ఛానెల్ (బ్యాండ్‌లోని ఒక చిన్న భాగం) మీదే ఉండగలవు. ల్యాప్‌టాప్ రూటర్‌తో 5 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంటే, హాట్‌స్పాట్‌ను కూడా అదే ఛానెల్ మీద పెట్టడం కార్డుకు సులభం. మీరు ఇక్కడ 2.4 అని పట్టుబట్టితే, కొన్ని కార్డులు రెండు ఛానెళ్ల మధ్య వంతులు వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ నెట్టుకొస్తాయి, కొన్ని అసలు ఒప్పుకోవు.

ఒప్పుకోకపోతే రెండు దారులు ఉన్నాయి. కేబుల్ అందుబాటులో ఉంటే ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టండి. అప్పుడు వైఫై కార్డు మొత్తం హాట్‌స్పాట్‌కే మిగులుతుంది. కేబుల్ లేకపోతే ల్యాప్‌టాప్‌నే రూటర్ తాలూకు 2.4 పేరుకు కలపండి. చాలా ఇళ్లలో రూటర్ రెండు పేర్లు చూపిస్తుంది. ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. ఆ 5జీకి, మొబైల్ కంపెనీల 5జీకి సంబంధం లేదు. ఇక్కడ 5 గిగాహెర్ట్జ్ అని మాత్రమే అర్థం. 5జీ లేని పేరుకు కలపండి.

ప్రస్తుతం ల్యాప్‌టాప్ ఏ బ్యాండ్ మీద ఉందో ఎలా తెలుస్తుంది? నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో వైఫై, మీరు కలిసిన పేరు, దాని ప్రాపర్టీస్. కిందికి రండి, ఇంకా కిందికి. ఇదిగో, నెట్‌వర్క్ బ్యాండ్, దాని దగ్గరే నెట్‌వర్క్ ఛానెల్. బ్యాండ్ వరుసలో 2.4 అని ఉంటే ఛానెల్ 1 నుంచి 13 లోపు ఉంటుంది. 5 అని ఉంటే 36 నుంచి మొదలై పైకి వెళుతుంది. నాది ఇప్పుడు 6, అంటే 2.4. ఈ సంఖ్య ఎక్కడుంటుందో ఆ రోజు నాకు తెలిసి ఉంటే డ్రైవర్ జోలికి వెళ్లేవాడిని కాదు.

వెనక్కి వచ్చాం. బ్యాండ్ 2.4, సేవ్. ఇప్పుడు స్విచ్ వేయండి. ఆన్ అయింది.

ఫోన్‌లో వైఫై తెరుస్తున్నాను. పేరు వచ్చింది, పాస్‌వర్డ్ ఇస్తున్నాను, కలిసింది. ల్యాప్‌టాప్ తెర మీద కూడా చూడండి, ఎనిమిదిలో ఒకటి అని చూపిస్తోంది. గరిష్ఠంగా 8 పరికరాలు కలపవచ్చు. కలిసిన ప్రతి పరికరం పేరు, ఐపీ చిరునామా ఇక్కడ కనిపిస్తాయి గానీ, ఒకదాన్ని మాత్రమే బయటకు పంపే బటన్ లేదు. ఎవరినైనా తొలగించాలంటే పాస్‌వర్డ్ మార్చి, మిగిలిన వారికి కొత్తది చెప్పాలి.

ఫోన్‌లో ఈ కనెక్షన్ వివరాలు తెరిచి గేట్‌వే, అంటే ఫోన్ ఇంటర్నెట్‌కు వెళ్లే ద్వారం, అన్న చోట చూడండి. 192.168.137.1 అని ఉంటే మీరు విండోస్ ల్యాప్‌టాప్ ద్వారానే వెళుతున్నారని అర్థం. ఇలా పంచేటప్పుడు విండోస్ తనకు తాను పెట్టుకునే చిరునామా అది. అందుకే ఒక ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కు కలిసిన రెండో ల్యాప్‌టాప్‌లో మళ్లీ హాట్‌స్పాట్ పెడితే చిక్కు వస్తుంది. రెండు వైపులా అవే చిరునామాలు తగులుకుంటాయి.

వేగం కొలిచినప్పుడు ల్యాప్‌టాప్‌లో వచ్చినంత ఫోన్‌లో రాకపోతే ఆశ్చర్యపోకండి. వైఫై తీసుకుని వైఫై పంచుతున్నప్పుడు ఒకే కార్డు ప్రతి ముక్కనూ ఒకసారి విని, మళ్లీ ఒకసారి పలకాలి కాబట్టి వేగం సగానికి పడిపోవడం మామూలే. ఇక్కడ కూడా కేబుల్‌దే పైచేయి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా పంపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంటే దాన్ని ఆపి చూడండి. అది ఉన్నప్పుడు ఫోన్‌కు ఇంటర్నెట్ అందకపోవచ్చు, అందినా వీపీఎన్ గుండా వెళుతుందన్న నమ్మకం లేదు.

ఇదే పేజీలో పవర్ సేవింగ్ అని ఇంకొక స్విచ్ ఉంది. ఏ పరికరమూ కలిసి లేనప్పుడు హాట్‌స్పాట్‌ను దానంతట అదే ఆపేస్తుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మంచిదే, కానీ ఫోన్ తీసుకుని బయటకు వెళ్లి వచ్చేసరికి హాట్‌స్పాట్ ఆగిపోయి ఉంటుంది. ఛార్జర్ పెట్టి ఉంచేవారు దీన్ని తీసేయండి. మూత సంగతి కూడా అంతే: మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళుతుంది, దానితోపాటు హాట్‌స్పాట్ కూడా. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, మూత మూసినప్పుడు ఏం చేయాలో చెప్పే ఈ వరుస, ఛార్జర్ పెట్టినప్పుడు అన్న గడిలో డూ నథింగ్. సేవ్. అయిపోయింది. అలా మూసిన ల్యాప్‌టాప్‌ను సంచిలో మాత్రం పెట్టకండి, వేడెక్కుతుంది.

ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ మొబైల్ డేటా నుంచి వస్తున్నవారికి ఒక జాగ్రత్త. కలిసిన ఫోన్ దీన్ని మామూలు వైఫై అనుకుని యాప్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ మొదలుపెడుతుంది, రోజువారీ డేటా కాసేపట్లో అయిపోతుంది. ఫోన్‌లో ఈ వైఫై పేరు మీద నొక్కి, మీటర్డ్, అంటే డేటాకు పరిమితి ఉన్నది, అని ఎంచుకోండి.

మ్యాక్ వాడేవారికి సిస్టమ్ సెట్టింగ్స్‌లో, జనరల్, షేరింగ్, ఇంటర్నెట్ షేరింగ్ అని ఉంటుంది. కానీ అక్కడ వైఫై నుంచి వచ్చినదాన్ని మళ్లీ అదే వైఫై మీద పంచడం కుదరదు, కేబుల్ గానీ యూఎస్‌బీ గానీ ఉండాలి.

విండోస్ 7 ఇంకా వాడుతున్నవారికి ఈ పేజీ ఉండదు. ఇది విండోస్ 10కు 2016లో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్‌తో వచ్చింది. అంతకు ముందు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, తెర మీద కనిపిస్తున్న ఈ రెండు ఆదేశాలు ఇచ్చేవాళ్లం: మొదటిది పేరు, పాస్‌వర్డ్ పెట్టడానికి, రెండోది మొదలుపెట్టడానికి. ఆ తర్వాత విండోస్ మీట, ఆర్ నొక్కి, ఎన్‌సీపీఏ, చుక్క, సీపీఎల్ అని కొట్టి, ఇంటర్నెట్ వస్తున్న అడాప్టర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అన్న ట్యాబ్‌లో టిక్కు పెట్టేవాళ్లం. ఎన్‌సీపీఏ చుక్క సీపీఎల్ ఇప్పటికీ విండోస్ 11లో తెరుచుకుంటుంది; అడాప్టర్లన్నీ ఒకే చోట కనిపిస్తాయి కాబట్టి నేను ఇప్పటికీ అక్కడికే వెళతాను. అయితే కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ పాత ఆదేశాలు పని చేయకపోయినా, డ్రైవర్ వివరాలు చూపించే ఆదేశం ఇస్తే హోస్టెడ్ నెట్‌వర్క్ సపోర్టెడ్ దగ్గర నో అని కనిపించినా వైఫై కార్డు పాడైందని కంగారుపడకండి. కొత్త డ్రైవర్లు ఆ పాత పద్ధతిని వదిలేశాయి. మనం ఇప్పుడు చూసిన మొబైల్ హాట్‌స్పాట్ వైఫై డైరెక్ట్ అనే వేరే పద్ధతి మీద నడుస్తుంది, కాబట్టి అక్కడ నో అని ఉన్నా ఇక్కడ స్విచ్ పని చేస్తుంది.

నేను ఇప్పుడు ఈ స్విచ్ ఆపుతున్నాను, ఫోన్ తెరను గమనించండి. పేరు జాబితాలోంచి పోయింది, ఫోన్ తిరిగి ఇంటి రూటర్‌కు వెళ్లిపోయింది.